పాత డీజిల్ కారు: విప్పించే ముందు రాయించండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. సెకండ్ హ్యాండ్‌లో డీజిల్ కారు కొన్నారు, నెల తిరక్కముందే మొరాయించింది, అమ్మినాయన మొహం చాటేశాడు. బండి సంగతులకు డీజిల్ పని తెలిసిన మెకానిక్, కాగితాల సంగతులకు వినియోగదారుల కేసులు చూసే న్యాయవాది కలిసి జవాబులు రాశారు. ఉత్తరాలు రాసినవారి పేర్లు గానీ, డీలర్ల పేర్లు గానీ వేయడం లేదు.

ప్రశ్న: కర్నూలులోనే ఒక డీలర్ దగ్గర 2017 మోడల్, 1.3 లీటర్ డీజిల్ కారు 4,35,000 రూపాయలకు తీసుకున్నాను. పదివేలు ఫోన్‌పే చేశాను, మిగతాది బ్యాంకు నుంచి వేశాను. తీసుకున్న రోజు మీటర్ 68,412. "ఇంజన్‌లో రూపాయి పని లేదు" అని వాట్సాప్‌లో పెట్టాడు. పదకొండో రోజు డోన్ దాటాక పికప్ పడిపోయింది, వెనక నల్లపొగ, మీటర్లో ఇంజన్ లైటు. 60 దాటి కదల్లేదు. మా వీధి మెకానిక్ నాలుగు నాజిళ్లూ పోయాయి, మార్చాల్సిందే అంటున్నాడు. డీలర్‌ని అడిగితే "బండి నువ్వు చూసుకోనే కదన్నా తీసుకున్యావు. డీజిల్ యాడ పోయించుకున్యావో ఏమో, నన్నడిగితే నేనేం జేయల్ల" అన్నాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. బిల్లు లేదు. "ఉన్నది ఉన్నట్టు" అని రాసిన డెలివరీ కాగితం ఒకటే ఉంది.
— కర్నూలు పాఠకుడు

జవాబు: మొదటి మాట: నాజిళ్లు (ఇంజన్‌లోకి డీజిల్ చల్లే భాగాలు) విప్పనివ్వకండి. విప్పి కొత్తవి వేశాక పాత లోపాన్ని చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. "మీ మెకానిక్కే చెడగొట్టాడు" అనే మాట డీలర్ నోటికి మీరే అందించినట్టవుతుంది. పైగా పరీక్ష లేకుండా నాలుగూ పోయాయని చెప్పడం ఊహ మాత్రమే.

నల్లపొగ, పికప్ లేకపోవడం రెండూ కలిసి వస్తే డీజిల్ వస్తోంది గానీ దాన్ని కాల్చడానికి గాలి చాలడం లేదని ముందుగా అనుమానించాలి. గాలి ఎక్కడ తగ్గుతుందో వరసగా చూసుకుంటూ రావాలి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందా? తర్వాత టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసేది) నుంచి ఇంటర్‌కూలర్‌కూ (ఆ గాలిని చల్లబరిచేది), అక్కడి నుంచి ఇంజన్‌కూ వెళ్లే రబ్బరు పైపులు. ఇవి వేడికి గట్టిపడి, క్లిప్పు బిగించే చోటో మడత లోపలో చీలుతాయి. పైనుంచి చూస్తే కనబడదు; ఇంజన్ ఆపి, చల్లారాక, పైపును చేత్తో వంచి కింది వైపు చూడాలి. పైపు మీద సన్నగా ఆయిల్ తేమ ఉండడం మామూలే. ఒక చోట మాత్రం ఆయిల్, మసి కలిసి ముద్దకట్టి ఉంటే గాలి అక్కడే పోతోంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు బుస్సుమని శబ్దం వస్తే ఇక సందేహం అక్కర్లేదు. పైపులు బాగుంటే, కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ చూడాలి. అది మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే, కాలిపోయిన పొగే మళ్లీ ఇంజన్‌లోకి పోయి తాజా గాలి తగ్గుతుంది. చాలా బండ్లలో దాన్ని దింపి శుభ్రం చేసి, గ్యాస్కెట్ మాత్రం కొత్తది వేసి బిగిస్తే సరిపోతుంది. గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ కొనకు మసి పట్టినా ఇదే లక్షణం.

ఇవన్నీ అయ్యాకే నాజిళ్ల వంతు. వాటికీ విప్పకుండా చేసే పరీక్ష ఉంది. ఒక్కో నాజిల్ నుంచి మిగులు డీజిల్ వెనక్కి పోయే సన్నపైపు ఉంటుంది. ఆ నాలుగు పైపులూ ఊడదీసి, వాటి చోట నాలుగు ట్యూబులు తగిలించి, ఒకే సైజు సీసాల్లోకి వదిలి, ఇంజన్‌ను రెండు మూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో నడుపుతారు. నాలుగు సీసాల్లో మట్టం తక్కువగా, దాదాపు సమానంగా ఉంటే నాజిళ్ల లోపలి లీకేజీ లేదన్నమాట. ఒక సీసా మాత్రం మిగతావాటికి రెండింతలో మూడింతలో నిండితే పోయింది ఆ ఒక్కటే. సీసాల మీద 1, 2, 3, 4 అని రాసి, పక్కపక్కన పెట్టి ఫొటో తీసుకోండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. పాత మెకానికల్ పంపు బండ్లలో ఏ సిలిండర్ మిస్సింగ్ కొడుతోందో చూడడానికి ఇంజన్ నడుస్తుండగానే నాజిల్ పైపు నట్టు వదులు చేసేవాళ్లు. కామన్ రైల్ (నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ పోయే) ఇంజన్‌లో ఆ పని చేయకూడదు. ఆ గొట్టంలో, అంటే రైలులో, ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. సూదిలా వచ్చే డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. ఎవరైనా స్పానర్ పట్టుకుని ఆ నట్టు మీదికి వంగితే ఆపండి.

నాజిల్ మార్చక తప్పదని తేలితే మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. డీజిల్ ల్యాబ్‌లో టెస్ట్ బెంచి మీద పెట్టి రిపోర్టు ప్రింటు ఇవ్వమనండి. నాజిల్ కింద రాగి వాషర్ ప్రతిసారీ కొత్తదే వేయాలి. పాతది తిరిగి వేస్తే అక్కడ గ్యాస్ లీకై చుక్‌చుక్‌మని శబ్దం మొదలవుతుంది, నాజిల్ చుట్టూ తారులాంటి నల్లముద్ద పేరుకుంటుంది. చాలా కార్లలో కొత్త నాజిల్ మీద ఉండే కోడ్‌ను స్కానర్‌తో (బండికి తగిలించి చదివే పరికరం) బండిలోని కంప్యూటర్‌కు ఎక్కించాలి. అది ఎక్కించకపోతే కొత్త నాజిల్ వేసినా ఐడ్లింగ్ కుదరదు.

ఇప్పుడు స్కానర్ సంగతి. ఇంజన్ లైటు వెలిగిందంటే కంప్యూటర్‌లో ఒక కోడ్ పడి ఉంటుంది. పి0299 అయితే టర్బో ఒత్తిడి తక్కువ, పైపుల వైపు వెళ్లండి. పి0401 అయితే ఈజీఆర్. పి0087 అయితే రైలులో డీజిల్ ఒత్తిడి తక్కువ: ముందు డీజిల్ ఫిల్టర్, ఆ తర్వాతే పంపూ నాజిళ్లూ. కోడ్ చెరిపేసే ముందు స్క్రీన్ ఫొటో తప్పనిసరి. "లైటు తీసేశా, బండి బాగైంది" అనే మాట విని సంతోషపడకండి. లైటుతో పాటు మీ సాక్ష్యమూ పోతుంది.

అదే స్కానర్‌లో చాలామంది చూడని అంకె ఇంకొకటి ఉంది: కోడ్‌లు చెరిపాక బండి నడిచిన దూరం. చాలా కార్లలో చిన్న బ్లూటూత్ స్కానర్‌కు కూడా ఇది కనబడుతుంది. మీరు కొన్నప్పుడు మీటర్ 68,412. ఇప్పుడు 69,105 ఉందనుకుందాం, అంటే మీరు నడిపింది 693 కిలోమీటర్లు. స్కానర్‌లో ఆ దూరం 702 అని వస్తే, బండి మీ చేతికి రావడానికి 9 కిలోమీటర్ల ముందు ఎవరో కోడ్‌లు చెరిపారు. బ్యాటరీ విప్పినా కొన్ని బండ్లలో ఈ అంకె సున్నాకు వస్తుంది కాబట్టి ఇదొక్కటే చాలదు. కానీ "రూపాయి పని లేదు" అన్న వాట్సాప్ మెసేజీ పక్కన ఈ ఫొటో పెడితే డీలర్‌కు జవాబు చెప్పడం కష్టం. మీ వీధి మెకానిక్ ఈలోపు కోడ్‌లు చెరపలేదు కదా అని ముందు కనుక్కోండి.

"డీజిల్ యాడ పోయించుకున్యావో" అన్నదానికీ జవాబు తయారు చేసుకోండి. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది. దాన్నుంచి ఒక గాజుసీసాలోకి అరగ్లాసు పట్టి, కదపకుండా అరగంట ఉంచండి. నీళ్లుంటే అడుగున వేరే గీతగా తేరుకుంటాయి. గీత లేకపోతే సీసాను ఆ రోజు పేపరు పక్కన పెట్టి ఫొటో తీయండి. బంకు బిల్లు ఉంటే దాచండి.

బండిని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు టోయింగ్ చేయించండి. జాబ్ కార్డులో (బండి తీసుకునేటప్పుడు వాళ్లు రాసే కాగితం) మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి, కిలోమీటర్లు వేయించండి, కోడ్‌ల ప్రింటు అడగండి, లోపం ఏమిటో దానికి ఖర్చెంతో సంతకం, స్టాంపుతో తీసుకోండి. దానికయ్యే ఖర్చు దండగ కాదు. కేసులో బరువు తూగేది ఆ కాగితమే.

ఇక డీలర్. బిల్లు లేదని దిగులుపడొద్దు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని, డబ్బు తిరిగి ఇవ్వనని చెప్పడం కూడా అందులోకే వస్తుంది. బిల్లులో వెనక్కి తీసుకునే గడువు రాసి లేకపోతే 30 రోజులు లెక్క. మీరు కొని 30 రోజులు కాలేదు కాబట్టి నోటీసు ఈ వారంలోనే పోవాలి. ఫోన్లో పోట్లాడుతూ రోజులు పోగొట్టుకోకండి.

నోటీసు మీరే తెలుగులో రాయొచ్చు. ఇంత చాలు:

"ఫలానా తేదీన మీ వద్ద ఫలానా నంబరు కారును 4,35,000 రూపాయలకు కొన్నాను. ఇంజన్‌లో పని ఏమీ లేదని మీరు ఫలానా తేదీన వాట్సాప్‌లో రాశారు. 11వ రోజున, ఇన్ని కిలోమీటర్లు నడిచాక, ఇంజన్ శక్తి పడిపోయింది. సర్వీస్ సెంటర్ పరీక్షలో తేలిన లోపం, ఖర్చు అంచనా జత చేస్తున్నాను. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో మీ ఖర్చుతో బాగు చేయించండి, లేదా బండి తీసుకుని నా డబ్బు తిరిగి ఇవ్వండి. లేనిపక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను."

తిట్లు, బెదిరింపులు వద్దు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, అందినట్టు వచ్చే రుజువు దాచండి. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు చించకుండా అలాగే ఉంచండి. అదే మెసేజీ వాట్సాప్‌లోనూ పెట్టండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తీర్పులు ఇవ్వరు, కానీ కొందరు డీలర్లు ఆ ఫోన్‌కే దిగివస్తారు.

దిగిరాకపోతే కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్. వస్తువుకు మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషనే వింటుంది. ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, కాబట్టి మీకు ఫీజు పడదు. 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు. డీలర్ వేరే ఊరివాడైనా సరే, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. గడువు లోపం బయటపడినప్పటి నుంచి 2 ఏళ్లు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు. వాట్సాప్ మెసేజీలు ప్రింటు తీసి పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయాలి. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి.

"ఉన్నది ఉన్నట్టు" అన్న మాట చూసి భయపడొద్దు. ఆ మాట రాసుకున్నంత మాత్రాన, పని లేదని చెప్పిన అబద్ధం నిజమైపోదు. అయితే ఒక సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. పాత కారులో అరిగే సామాన్లు అరుగుతాయి. బ్రేక్ ప్యాడ్‌లు, బ్యాటరీ, క్లచ్ ప్లేటు పోయాయని డీలర్‌ను పట్టుకుంటే కమిషన్‌లో నిలబడదు. మీ విషయంలో చివరికి చిరిగిన పైపు ఒక్కటే తేలితే, అది మార్పించుకుని ఆ ఖర్చు వరకే అడగండి. బండి మొత్తం వెనక్కి తీసుకోమంటే మీ మాటే పలచనవుతుంది.

ప్రశ్న: 2021 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ కొని రెండు నెలలైంది. కడప టౌన్లోనే తిరుగుతాను, పిల్లల స్కూలు, అంగడి, ఇల్లు. డీపీఎఫ్ లైటు వస్తోంది. డీలర్ "అది తీసేయిస్తా, సాఫ్ట్‌వేర్ కొట్టిస్తా, పీడ వదిలిపోతుంది" అంటున్నాడు. చేయించమంటారా?
— కడప

జవాబు: వద్దు. 2020 ఏప్రిల్ 1 తర్వాత అమ్మిన బీఎస్6 (పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం) డీజిల్ కార్లకు డీపీఎఫ్ అనే మసి జల్లెడ సైలెన్సర్ దారిలో ఉంటుంది. అది తీసేస్తే బండి బీఎస్6 ప్రమాణానికి నిలవదు, చట్టం ఒప్పుకోదు, రేపు అమ్మేటప్పుడు మీరే ఆ డీలర్ స్థానంలో నిలబడతారు.

ఈ జల్లెడ పట్టిన మసిని బండి తనంతట తానే కాల్చుకుంటుంది. అందుకు లోపల సుమారు 600 డిగ్రీల వేడి పుట్టాలి. నాలుగు కిలోమీటర్లు పోయి ఆపి, మళ్లీ నాలుగు కిలోమీటర్లు పోయే బండిలో ఆ వేడి పుట్టేలోపే తాళం తీసేస్తారు. మసి కాలదు, లైటు వస్తుంది. లైటు వెలిగీ వెలగగానే, అది మెరవకుండా నిలకడగా ఉన్నప్పుడే, మైదుకూరు వైపు హైవే ఎక్కి ఒకటి రెండు గేర్లు తగ్గించి, 2,000 ఆర్‌పీఎంకు పైన, 60 కిలోమీటర్లకు తగ్గకుండా 20 నిమిషాలు ఆపకుండా నడపండి. మీ బండి మాన్యువల్‌లో ఈ వేగం, సమయం రాసి ఉంటాయి, దాన్నే పాటించండి. లైటు పోతే వారానికోసారి ఇలా తిప్పండి. లైటు పోకుండా ఇంజన్ లైటు కూడా తోడైతే ఇక తిప్పొద్దు, సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి కాల్పించాలి.

ఈ లైటుతో పాటు తప్పక చూడాల్సింది ఇంజన్ ఆయిల్. మసి కాల్చడానికి బండి అదనంగా డీజిల్ చల్లుతుంది. ఆ పని మధ్యలో పదే పదే ఆగిపోతే ఆ డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ కొలిచే కర్ర తీసి చూస్తే ఆయిల్ తగ్గడానికి బదులు పెరిగి ఉంటుంది. మ్యాక్స్ గీత దాటి ఉంటే, ఆయిల్ పల్చబడి డీజిల్ వాసన వస్తుంటే వెంటనే ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. పల్చని ఆయిల్‌తో నడిపితే ముందు టర్బో బేరింగులు పోతాయి. కొత్తగా పోసేది తక్కువ బూడిద మిగిల్చే రకం, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే అయి ఉండాలి. మామూలు డీజిల్ ఆయిల్ పోస్తే బూడిద జల్లెడలో పేరుకుంటుంది. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు.

తప్పు డీలర్‌దా, మీ తిరుగుడుదా? టౌన్ తిరుగుడు వల్ల వచ్చిన లైటుకు డీలర్‌ను అనలేం. కానీ ఒక పరీక్ష చేయండి. బండి చల్లగా ఉన్నప్పుడు తెల్లగుడ్డ వేలికి చుట్టి సైలెన్సర్ గొట్టం లోపల తిప్పండి. జల్లెడ బాగున్న బీఎస్6 బండిలో గుడ్డకు మసి దాదాపుగా అంటదు. నల్లగా కాటుకలా అంటితే జల్లెడ పగిలిపోయి ఉండాలి, లేదా మీకు అమ్మేముందే లోపల పొడిచేసి ఉండాలి. అప్పుడు బండిని లిఫ్ట్ మీద ఎక్కించి డీపీఎఫ్ డబ్బా మీద కొత్త వెల్డింగ్ గీత ఉందేమో చూడండి. ఉంటే ఫొటో తీసి, పై ఉత్తరానికి చెప్పినట్టే జాబ్ కార్డు, నోటీసు. అది మీ తిరుగుడు వల్ల వచ్చే లోపం కాదు.

ప్రశ్న: అనంతపురంలో కర్ణాటక నంబరు డీజిల్ కారు కొన్నాను. నాలుగు నెలలైనా ఎన్ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఇచ్చే నిరభ్యంతర పత్రం) లేదు, ఆర్సీ బెంగళూరు ఓనరు పేరు మీదే ఉంది. డీలర్ "నేను మధ్యలో కమిషన్ తీసుకున్నోణ్ణి, ఓనర్నే అడుక్కో" అంటున్నాడు. ఇంజన్ ఆయిల్ కూడా తింటోంది. ఎవర్ని పట్టుకోవాలి?
— అనంతపురం

జవాబు: "నేను బ్రోకర్ని మాత్రమే" అనే మాట ఇప్పుడు అంత తేలిగ్గా చెల్లదు. పాత వాహనాలు అమ్మే డీలర్లు రిజిస్టరింగ్ అధికారి దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో ఉంది. అసలు ఓనరు బండిని డీలర్‌కు అప్పజెప్పినప్పుడు ఫారం 29సీలో తెలపాలి. ఆ క్షణం నుంచి ఆ బండికి డీలరే ఓనరుగా లెక్క. ఎన్ఓసీకి, పేరు మార్పుకు దరఖాస్తు చేసే హక్కూ బాధ్యతా అతనివే. అందుకే మీ నోటీసులో మొదటి రెండు ప్రశ్నలు ఇవి కావాలి: మీ అనుమతి పత్రం నంబరెంత? ఈ బండికి 29సీ ఎప్పుడు దాఖలు చేశారు? రెండింటికీ జవాబు లేకపోతే ఆ సంగతి ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. డబ్బు ఎవరి ఖాతాలో పడిందో బ్యాంకు స్టేట్‌మెంటే చెబుతుంది. డీలర్ ఖాతాలో పడితే కమిషన్ కథకు బలం ఉండదు.

అయినా కేసులో బెంగళూరు ఓనరును కూడా రెండో ప్రతివాదిగా చేర్చండి. ఆయనతో కయ్యం పెట్టుకోవద్దు. బండి ఎక్కడైనా ప్రమాదం చేస్తే ఆర్సీలో ఉన్న ఆయన మెడకే చుట్టుకుంటుంది కాబట్టి కాగితాలు తెగడం ఆయనకూ అవసరమే. ఒక ఫోన్‌తో పనవ్వొచ్చు. ఆయన సంతకాలు కావాల్సినవి: ఎన్ఓసీకి ఫారం 28, పేరు మార్పుకు 29, 30. బండి మీద అప్పు ఉండి తీరితే బ్యాంకు ఎన్ఓసీతో పాటు ఫారం 35. ఎన్ఓసీ వచ్చాక మన దగ్గర లైఫ్ టాక్స్ మళ్లీ కట్టి ఏపీ నంబరు తీసుకోవాలి. వేరే రాష్ట్రం బండి 12 నెలలు దాటి ఇక్కడ ఉంటే కొత్త నంబరు తప్పనిసరి. ఆ టాక్సు ఎవరు కడతారో బేరంలో తేల్చుకోలేదంటే అది మీ మీదే పడుతుంది. ఇన్సూరెన్సూ మీ పేరుకు మార్చండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, కాబట్టి ప్రీమియం పెరుగుతుంది. ప్రభుత్వ రవాణా పోర్టల్ పరివాహన్‌లో పెండింగ్ చలాన్లు కూడా చూసుకోండి.

ఢిల్లీ నంబరు డీజిల్ బండ్లు చౌకగా దొరుకుతున్నాయని అడిగేవాళ్లకు కూడా ఇక్కడే ఒక మాట. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై 2015లో ఆంక్షలు పెట్టారు. ఆ గడువు దగ్గరపడిన బండ్లు దక్షిణానికి తరలివస్తాయి. ఎన్ఓసీ కళ్లతో చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఆయిల్ తినడం గురించి: పొగ నీలంగా వస్తోందా చూడండి. బండి ఎత్తు దిగుతూ యాక్సిలరేటర్ వదిలేసి మళ్లీ నొక్కినప్పుడు గుప్పున నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్లు. ఎప్పుడూ నీలం పొగే అయితే టర్బోనో, పిస్టన్ రింగులో. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి పైన పెట్టండి. మూత దడదడ ఎగిరిపడుతూ పొగ దంచికొడితే రింగులు అరిగాయి. మూత నిలకడగా ఉండి, టర్బో నుంచి బయటికి వచ్చే పైపులో ఆయిల్ గుంట కట్టి ఉంటే టర్బో సీలు. 1,000 కిలోమీటర్లకు ఎంత ఆయిల్ పోయాల్సి వస్తోందో కొలిచి రాసిపెట్టుకోండి. వినియోగదారుల కమిషన్ ముందు "ఆయిల్ తింటోంది" కన్నా "1,000 కిలోమీటర్లకు లీటరు" అన్న మాటకు విలువ.

ప్రశ్న: పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ. రేడియేటర్లో నీళ్లు తగ్గుతున్నాయి. "బోరు నీళ్లు పోసుకుంటా పో, ఏం గాదు" అంటాడు అమ్మిన డీలర్.
— ఆదోని

జవాబు: బోరు నీళ్లు పోయకండి. మన ప్రాంతపు బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. అవి రేడియేటర్ సన్న గొట్టాల్లో, హెడ్డులో పాచిలా పేరుకుని వేడి పోనివ్వవు. మే నెల ఎండలో అదే ఇంజన్‌ను పట్టేస్తుంది. కంపెనీ చెప్పిన కూలెంటే పోయండి, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి, లేదా కలిపే అమ్మేది.

తెల్లపొగ రెండు రకాలు. బండి వేడెక్కగానే పోయి, డీజిల్ వాసన వస్తే హీటర్ ప్లగ్గులు. మల్టీమీటర్‌తో ఒక్కో ప్లగ్గు కొలవండి. ఒకటి రెండు ఓమ్‌ల లోపు చూపిస్తే బాగున్నట్టు, అసలేమీ చూపకపోతే కాలిపోయినట్టు. మన వేడికి ప్లగ్గు పోయినా బండి స్టార్టవుతుంది కాబట్టి చలికాలం దాకా తెలియదు. ఇది చిన్న పని.

వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, తియ్యటి వాసన వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజన్ హెడ్డుకూ కింది భాగానికీ మధ్య లీకు కాకుండా ఉండే పలక) అనుమానించాలి. రాత్రంతా చల్లారిన బండికి పొద్దున్నే కూలెంట్ మూత తీసి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగకుండా వస్తున్నాయా? మరో పొద్దున మూత బిగించి స్టార్ట్ చేస్తే, రేడియేటర్ పై పైపు, ఇంజన్ ఇంకా వేడెక్కకముందే, నిమిషంలోనే రాయిలా బిగుసుకుందా? మంచి వర్క్‌షాపులో నీలం ద్రవంతో గ్యాస్ పరీక్ష చేస్తారు. ఇంజన్ గ్యాస్ కూలెంట్‌లో కలుస్తుంటే ఆ నీలం ఆకుపచ్చకో పసుపుకో తిరుగుతుంది. రంగు మారిన గొట్టాన్ని వీడియో తీయించండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత ముట్టుకోవద్దు.

ఇంకొకటి చూడండి. కూలెంట్ మూత లోపల, ట్యాంకు అంచున గోధుమరంగు రవ్వలో వెండిరంగు మెరుపులో ఉంటే లీకు ఆపే పొడి కలిపారన్నమాట. నెలా రెండు నెలలు బండి నిలబడి అమ్ముడుపోవడానికి కొందరు అది కలుపుతారు. ఆ రవ్వ ఒక సీసాలో తీసి, జాబ్ కార్డులో రాయించండి. అది కలిపిన మనిషికి లోపం ముందే తెలుసు అనడానికి అంతకన్నా మంచి రుజువు దొరకదు.

ప్రశ్న: మీటర్ 38 వేలు చూపిస్తోంది, నమ్మకం కలగడం లేదు. ఎలా తేల్చుకోవాలి?
— నంద్యాల

జవాబు: టైరు పక్కన ఉండే నాలుగంకెలు చదవండి. 1418 అంటే 2018లో 14వ వారం తయారైంది. స్టెప్నీ బండితో వచ్చిన పాతదై ఉండి, కింద నాలుగూ తర్వాతి ఏళ్లవైతే ఒక సెట్టు అప్పుడే అరిగిపోయింది. 38 వేలకు మామూలుగా అలా జరగదు. క్లచ్ పెడల్ రబ్బరు గీతలు అరిగి నున్నబడ్డాయా, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు నలిగిందా చూడండి. తర్వాత చాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్లో పాత సర్వీసుల రికార్డు అడగండి. అక్కడ 2021లోనే 74 వేలు అని ఉంటే తేలిపోయినట్టే. రికార్డు ఇవ్వనంటే పాత ఓనరుతో అడిగించండి.

మీటర్ తిప్పారని రుజువైతే అది లోపమున్న వస్తువు అమ్మడంతో ఆగదు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం. పోలీసు ఫిర్యాదు, వినియోగదారుల కేసు రెండూ పక్కపక్కన నడపొచ్చు. బండి ఇంకా కొనకపోతే మాత్రం ఈ రికార్డు చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. చూడ్డానికి వెళ్లే రోజు "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పి, వెళ్లగానే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి తిరిగొచ్చేయండి.